మంచు వాలుల మీద హెల్మెట్ కెమెరాలు ఎందుకు తగ్గిపోయాయి?

శేషాచలం_నడక | తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. మొన్నటి ఫిబ్రవరిలో మా నడక బృందం నుంచి ఆరుగురం రేణిగుంటలో విమానమెక్కి, హైదరాబాదు, ఢిల్లీల మీదుగా శ్రీనగర్ చేరి, గుల్మార్గ్‌లో పది రోజుల పాటు స్కీయింగ్ తొలి పాఠాలు నేర్చుకొని వచ్చాము.

నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, అంటే 2014 ప్రాంతంలో, హాస్టల్ గదిలో పదిమందిమి ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ చేరి, హెల్మెట్ మీద గోప్రో అనే చిన్న కెమెరా బిగించుకొని మంచు కొండల మీద నుంచి జారిపోయేవారి వీడియోలు చూసేవాళ్లం. స్కీయింగ్ అనుకోగానే తల మీది ఆ చిన్న పెట్టె కూడా నా కళ్లకు కట్టేది. అటువంటిది, గుల్మార్గ్‌లో కొండ పైకి తీసుకెళ్లే గండోలా అనే రోప్‌వే కోసం నిలుచున్న వరుసలో ఒక ఉదయం లెక్కపెడితే, నలభై హెల్మెట్లలో రెండింటి మీదే కెమెరా కనిపించింది. ఆ ఇద్దరూ నాకంటే వయసులో పెద్దవారు. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లలో ఒక్కరి తల మీదా లేదు. మా శిక్షకుడిని అడిగితే, పదేళ్ల కిందట ఎటు చూసినా అవే ఉండేవని, ఇప్పుడు తెచ్చేవారు అరుదని అన్నారు గాని కారణం చెప్పలేదు.

వచ్చే జనవరిలో మళ్లీ వెళ్లాలని అనుకుంటున్నాము. ఇటువంటి యాక్షన్ కెమెరా కొనాలన్న పాత కోరిక నాలో ఇంకా ఉంది, అందుకు డబ్బు కూడా దాచుకున్నాను. అయితే అంత మోజుగా ధరించిన వస్తువును ఆ ఆట ఆడేవారే ఎందుకు పక్కన పెట్టారో తెలుసుకున్నాకే కొనాలని ఉంది. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

అద్దె_కెమెరా | తిరుపతి

శేషాచలం గారూ, నేను బస్టాండు దగ్గర కెమెరాలు అద్దెకిచ్చే దుకాణం నడుపుతున్నాను. 2016లో నాలుగు యాక్షన్ కెమెరాలు, వాటితో పాటు తలపట్టీలు, ఛాతీ పట్టీలు, హెల్మెట్‌కు జిగురుతో అంటించే మౌంట్లు తెప్పించాను. మొదటి రెండేళ్లు అవి దుకాణంలో ఖాళీగా ఉన్న రోజు లేదు. మనాలికి, ఔలికి వెళ్లేవారు నెల ముందే వచ్చి చెప్పి పెట్టుకునేవారు.

వాళ్లు తిరిగి వచ్చాక జరిగేది మాత్రం ప్రతిసారీ ఒకే తీరుగా ఉండేది. కార్డులో ఐదారు గంటల ఫుటేజీ ఉండేది. “అన్నా, ఇందులో బాగున్న ముక్కలు ఏరి రెండు నిమిషాల వీడియో చేసిపెట్టు” అనేవారు. గంట ఫుటేజీలో ఏరుకోదగినది ఒక్క నిమిషం దొరికితే గొప్ప. మిగిలినదంతా ముందు కాళ్లకు బిగించుకున్న రెండు స్కీ పలకల మొనలు, తెల్లని నేల, గాలి హోరు. ఎడిటింగ్‌కు ఎన్ని గంటలు పడుతుందో చెబితే, తామే చేసుకుంటామని కార్డు పట్టుకెళ్లేవారు. చేసినవారు ఉన్నారేమో గాని, చేసి నాకు చూపించినవారు లేరు. ఒకాయన కార్డు మూడేళ్లుగా నా సొరుగులోనే ఉంది. ఫోన్ చేసి గుర్తు చేసినా రాలేదు. ఎంతో ఖర్చుపెట్టి వెళ్లిన యాత్ర అలా సొరుగులో పడి ఉండడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ పాత కెమెరాలను బైకుల మీద తిరిగే వ్లాగర్లు తీసుకెళ్తున్నారు. మంచుకు వెళ్లేవారు అడిగితే చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరా అడుగుతున్నారు, లేదంటే ఏమీ అడగడం లేదు.

చిత్తూరు_వీడియో | చిత్తూరు

నేను చిత్తూరులో ఇరవై ఏళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. మంచును కళ్లతో చూడలేదు గాని, లెన్సు ఎక్కడైనా ఒకే రకంగా పనిచేస్తుంది కనుక ఆ సంగతి నాలుగు మాటలు చెప్పగలను.

హెల్మెట్ కెమెరాలలో ఉండేది చాలా వెడల్పుగా చూసే లెన్సు. 2009లో వచ్చిన గోప్రో తొలి హెచ్‌డీ హీరో కెమెరాను 170 డిగ్రీల చూపు అని చెప్పి అమ్మారు. అటువంటి లెన్సు దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది, దూరంగా ఉన్నదాన్ని బాగా చిన్నది చేసి వెనక్కి నెట్టేస్తుంది. అందువల్ల మీ గుండె గొంతులోకి వచ్చేంత నిటారైన వాలు కూడా తెర మీద మన ఇంటి ముందరి వీధిలా చదునుగా కనిపిస్తుంది. పైగా వాలు దిగేటప్పుడు తల కిందికి వంగుతుంది, తలతో పాటు కెమెరా వంగుతుంది. ఫ్రేములో నిలువుగా నిలబడిన చెట్టో, స్తంభమో, ఆకాశపు అంచో లేకపోతే ఎంత వాలు ఉందో పోల్చుకోవడానికి చూసేవారి కంటికి ఆధారం దొరకదు. ప్రాణాలకు తెగించి దిగినవాడు ఇంటికొచ్చి చూసుకుంటే, తాను ఏదో మైదానంలో జారుతున్నట్టు ఉంటుంది. ఆ నిరాశ ఎంత ఉంటుందో ఆలోచించండి.

మరొక మాట. 2018లో గోప్రో హీరో7 బ్లాక్ కెమెరాతో వణుకును దాదాపు పూర్తిగా తీసేసే ఏర్పాటు వచ్చింది. నిజంగా గొప్ప పనితనం అది, నేను కూడా మెచ్చుకున్నాను. కాని వేగం తెలిసేది ఆ కుదుపుల వల్లనే. కుదుపు పోయేసరికి చిత్రం నూనె మీద జారినట్టు సాగి, వేగం సగానికి పడిపోయినట్టు అనిపిస్తుంది.

దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. కనుమ నాడు చంద్రగిరి దగ్గరి రంగంపేటలో జరిగే పశువుల పండుగకు కొన్నేళ్లుగా చిత్రీకరణకు వెళ్తున్నాను. కొమ్ములకు పలకలు కట్టిన పశువులు వీధిలో దూసుకొస్తుంటే కుర్రాళ్లు ఆ పలకల కోసం ఎగబడతారు. ఒక ఏడాది నలుగురు కుర్రాళ్లు ఛాతీకి కెమెరాలు కట్టుకొని దిగారు. సాయంత్రం వాటిని నా ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే పక్కవాడి భుజం, దుమ్ము, ఎవరిదో చొక్కా, మళ్లీ దుమ్ము. ఆ నలుగురిలో ఒకడు నిజంగా పలక చేజిక్కించుకున్నాడు, అయినా ఆ క్షణం అతని కెమెరాలో చీకటిగా ఉంది, ఎందుకంటే అప్పుడతని ఛాతీ పశువు మెడకు ఆనుకొని ఉంది. అదే క్షణాన్ని మిద్దె మీద నిలబడిన ఒక అమ్మాయి మామూలు ఫోన్‌తో తీసింది. ఊరంతా పంచుకున్నది ఆ అమ్మాయి తీసిన ముక్కనే. సాహసం చేసేవాడి శరీరానికి కట్టిన కెమెరాలో సాహసం తప్ప మిగిలినవన్నీ పడతాయని నాకు ఆ రోజు అర్థమైంది.

డెన్వర్‌లో_పుంగనూరు | కొలరాడో

మాది పుంగనూరు. 2011 నుంచి డెన్వర్‌లో ఉంటూ ప్రతి చలికాలం స్కీయింగ్ కోసం దగ్గరి లవ్‌ల్యాండ్‌కు, బ్రెకెన్‌రిడ్జ్‌కు వెళ్తున్నాను. శేషాచలం గారు గుల్మార్గ్‌లో చూసింది ఇక్కడ ఇంకా ముందే మొదలైంది. నేను నేర్చుకున్న కొత్తలో వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టు కుర్చీలో పక్కన కూర్చున్నవారి తల మీద కెమెరా లేకపోతే ఆశ్చర్యం కలిగేది. నేనూ కొన్నాను, మూడు సీజన్లు వాడాను, తరువాత అది అలమారలో చేరింది.

చిత్తూరు_వీడియో గారు చెప్పిన లెన్సు సంగతి అక్షరాలా నిజం. దానికి నా వైపు నుంచి చలి సంగతి కలుపుతాను. లిథియం బ్యాటరీలో చలికి రసాయన చర్య మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, అందువల్ల నిండుగా ఛార్జి చేసినది కూడా తొందరగా చేతులెత్తేస్తుంది. ఫోన్‌కూ ఈ జబ్బు ఉంది. ఐఫోన్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఆపిల్ సంస్థే చెబుతుంది. కాని ఫోన్ లోపలి జేబులో ఒంటి వేడికి వెచ్చగా ఉంటుంది, అవసరమైనప్పుడు అర నిమిషం బయటికి వస్తుంది. హెల్మెట్ మీది కెమెరా రోజంతా ఎదురుగాలిలో ఉంటుంది. దాన్ని ఆన్ చేయాలంటే మందపాటి చేతితొడుగుతో చిన్న బొత్తాం వెతకాలి, అది రికార్డు చేస్తోందో లేదో తల మీద ఉన్నది కనుక కనిపించదు. “నా ఎర్ర దీపం వెలుగుతోందా?” అని లిఫ్టులో పక్కవారిని అడగడం మా అందరికీ ఒక అలవాటుగా ఉండేది.

ఇక అసలు మార్పు ఫోన్‌తో వచ్చింది. 2016లో ఐఫోన్ 7 నీటి తుంపరలను తట్టుకునేలా వచ్చాక మంచులో ఫోన్ తీయడానికి భయం తగ్గింది. అదే ఏడాది ఇన్‌స్టాగ్రామ్‌లో స్టోరీలు మొదలయ్యాయి. 2022లో ఐఫోన్ 14లో పరుగెత్తుతూ తీసినా వణకని యాక్షన్ మోడ్ కూడా వచ్చింది. ఇప్పుడు ఇక్కడి పిల్లలు చేసేది చాలా సులువైన పని. ఒకరు ముందు దిగి, వాలు పక్కన ఆగి, ఫోన్ తీసి, పై నుంచి వచ్చే స్నేహితుడిని పది సెకన్లు తీస్తారు. తరువాత వంతులు మారతాయి. మధ్యాహ్న భోజనం అయ్యేలోపు అందరివీ అందరికీ చేరిపోతాయి. కంప్యూటర్‌లో వేయడం, ఏరడం, కత్తిరించడం అనే మూడు రాత్రుల శ్రమ ఇందులో లేదు. దీనికి స్నేహితుడు కావాలి, నిజమే. కాని స్కీయింగ్‌కు ఒంటరిగా వెళ్లేవారు ఎప్పుడూ తక్కువే.

తిరుపతి_వైద్యురాలు | తిరుపతి

నేను తలకు గాయాలైన వారికి చికిత్స చేసే విభాగంలో పనిచేస్తున్నాను. ఈ చర్చలో భద్రత ప్రస్తావన ఇంతవరకు రాలేదు కనుక రాస్తున్నాను. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో ఫార్ములా వన్ కారు పందేల ఛాంపియన్ మైఖేల్ షూమాకర్ స్కీయింగ్ చేస్తూ పడి తలకు తీవ్ర గాయమైనప్పుడు ఆయన హెల్మెట్‌కు కెమెరా ఉంది. గాయం తీవ్రతకు కెమెరా కారణమని నిరూపణ కాలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. అయినా తల మీద గట్టి వస్తువు బిగించుకోవడం గురించి ప్రపంచమంతా మాట్లాడుకున్నది అప్పుడే.

హెల్మెట్ పైభాగాన్ని నున్నగా చేయడానికి కారణముంది. పడినప్పుడు అది నేల మీద జారిపోవాలి. పొడుచుకొచ్చిన వస్తువు ఎక్కడైనా తగులుకుంటే తల ఒక్కసారిగా మెలితిరుగుతుంది. మెదడుకు నేరుగా తగిలిన దెబ్బ ఎంత ప్రమాదమో, అలా గిరుక్కున తిరగడం కూడా అంతే ప్రమాదం. స్కీయింగ్ హెల్మెట్లకున్న ఈఎన్ 1077 ప్రమాణమైనా, మన ద్విచక్ర వాహనాల హెల్మెట్లకున్న ఐఎస్ 4151 అయినా, హామీ ఇచ్చేది పరీక్షించిన ఆకారానికే గాని, మనం తరువాత అంటించే పరికరాలకు కాదు. బైకు హెల్మెట్లకు కెమెరాలు బిగించుకొని మన ఘాట్ రోడ్ల మీద తిరిగే తమ్ముళ్లు కూడా ఈ మాట దయచేసి వినాలి. స్కీయింగ్ వారు వీటిని వదిలేయడంలో ఆ భయం పాత్ర కూడా ఉందని నా అభిప్రాయం.

డెన్వర్‌లో_పుంగనూరు | కొలరాడో

డాక్టరు గారూ, మీ హెచ్చరికతో పూర్తిగా ఏకీభవిస్తాను. కాని భయం వల్ల తగ్గిందన్న మాటతో ఏకీభవించలేను. ఆ ప్రమాదం తరువాత రెండు మూడు సీజన్లలోనే నేను ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ కెమెరాలు చూశాను. భయపడి తీసేసినవారు నాకు తెలిసినంతలో ఒక్కరూ లేరు. విసుగుపుట్టి తీసేసినవారే అందరూ.

పలమనేరు_లెక్కలు | పలమనేరు

డెన్వర్ గారు చెప్పినదానికి ఆ కెమెరాలు చేసే గోప్రో లెక్కలు కూడా సాక్ష్యమిస్తాయి. నిక్ వుడ్‌మన్ 2002లో మొదలుపెట్టిన గోప్రో సంస్థ 2014 జూన్‌లో అమెరికా వాటాల మార్కెట్ నాస్‌డాక్‌లో ఒక్కో వాటాను 24 డాలర్లకు విడుదల చేసింది. అదే అక్టోబరుకు ధర 86 డాలర్లు దాటింది. 2015లో అమ్మకాల ఆదాయం 160 కోట్ల డాలర్లకు పైగా ఉంది. అంటే షూమాకర్ ప్రమాదం తరువాత కూడా రెండేళ్లు అమ్మకాలు పెరుగుతూనే వచ్చాయి. ఆ తరువాతే దిగజారుడు మొదలైంది. 2016లో తెచ్చిన కర్మ అనే డ్రోన్ గాలిలో ఉండగా విద్యుత్తు ఆగిపోయి పడిపోతుండడంతో కొద్ది వారాలకే వెనక్కి పిలిపించారు, 2018 జనవరిలో డ్రోన్ల వ్యాపారమే వదిలేస్తామన్నారు. 2024లో ఆదాయం 80 కోట్ల డాలర్లకు చేరింది, 2025లో వాటా ధర కొంతకాలం ఒక డాలరు కంటే దిగువన నడిచింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ సంస్థ తొలి వస్తువు. 2004లో వచ్చిన మొదటి కెమెరా 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసేది, మణికట్టుకు కట్టుకునేది. అలల మీద ఆడేవారు తమను, తమ స్నేహితులను ఫోటో తీసుకోవడానికి పుట్టిన ఆలోచన అది. దానికి హీరో అని పేరు పెట్టారు, అంటే చిత్రంలో కనిపించవలసింది మనిషే. అదే కెమెరా తలకెక్కాక మనిషి చిత్రంలో నుంచి తప్పుకున్నాడు. పతనానికి వ్యాపార కారణాలు చాలానే ఉండవచ్చు, ఒకసారి కొన్నది ఏళ్ల తరబడి పాడవకపోవడం వాటిలో ఒకటి. కాని వస్తువు ఏ కోరిక తీర్చడానికి పుట్టిందో ఆ కోరికకు ఎదురు తిరిగిందని నాకనిపిస్తుంది.

షెన్‌జెన్‌కు చెందిన ఇన్‌స్టా360 సంస్థ పట్టుకున్నది సరిగ్గా ఆ కోరికనే. రెండు లెన్సులతో చుట్టూ ఉన్నదంతా తీసి, ఏ వైపు చూపాలో తరువాత ఎంచుకోమంటుంది. కెమెరాను పట్టుకున్న కర్ర రెండు లెన్సుల చిత్రాలు కలిసే అతుకులో పడి మాయమవుతుంది కనుక, ఎవరో పక్కనే ఎగురుతూ తీసినట్టు మనిషి మొత్తం కనిపిస్తాడు. ఆ సంస్థ 2025 జూన్‌లో షాంఘైలో వాటాలు నమోదు చేసుకుంది. కాబట్టి చిన్న కెమెరాల కాలం చెల్లిందనడం తప్పు. ధరించే కెమెరా కాలం చెల్లిందంటే ఒప్పుకుంటాను.

మాజీ_హవల్దార్ | బంగారుపాళ్యం

నేను సైన్యంలో ఉండగా గుల్మార్గ్‌లో కొన్ని చలికాలాలు గడిపాను. స్కీయింగ్ అక్కడే నేర్చుకున్నాను, పదవీ విరమణ తరువాత మరికొన్ని సీజన్లు కుర్రవాళ్లకు నేర్పాను. ఈ చర్చ మొత్తం శ్రద్ధగా చదివాను. ఒక్క విషయం మాత్రం ఎవరూ చెప్పలేదు.

తల మీద కెమెరా ఉన్న శిష్యుడు తల సరిగా తిప్పడు, నాయనా. ఎడమకు మలుపు తిరగాలంటే చూపు ముందుగా ఎడమకు వెళ్లాలి, భుజాలు దాని వెంట వెళ్లాలి. వీడియో చెదిరిపోతుందని మెడ బిగించుకుంటే ఒళ్లంతా కర్రలా అవుతుంది. కెమెరా నడుస్తోందని తెలిసినవాడు తనకు మించిన వాలు ఎంచుకుంటాడు కూడా. గండోలా రెండో దశ ఎక్కి దాదాపు 3,980 మీటర్ల ఎత్తున అఫర్వత్ శిఖరం దగ్గర దిగాక, వెనక్కి గండోలాలోనే రమ్మని నేను చెప్పినా వినకుండా, కెమెరా కోసం దిగబోయి మోకాలు పోగొట్టుకున్న పిల్లవాడిని నేనే మోసుకొచ్చాను. అతడు తీసిన దానిలో ఉన్నది పదకొండు సెకన్ల మంచు.

అయినా కెమెరా పనికిరానిదని నేను అనను. నేను దాన్ని చేతిలో పట్టుకొని శిష్యుడి వెనకాలే జారేవాణ్ణి. రాత్రి భోజనాల తరువాత చూపించేవాణ్ణి. భయమున్నవాడు కొండ వైపు వాలిపోతాడు, బరువు లోయ వైపు స్కీ మీద పడదు, అందుకే మలుపు తిరగదు. ఈ మాట పగలంతా అరిచి చెప్పినా అర్థం కానివాడికి, తన వెనుక నుంచి తీసిన అర నిమిషం చూస్తే అర్థమయ్యేది. మరునాడు ఉదయం మోకాళ్లు వంగేవి.

ఇంకొక సంగతి. మీరు జనవరి అంటున్నారు. 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్మార్గ్‌లో గడ్డి కనిపించింది. ఫిబ్రవరి పెట్టుకోండి. 360 కెమెరా తీసుకుంటే కెమెరా కర్ర పట్టుకున్న చేతిలో నిలకడకు వాడే స్కీ పోల్ ఉండదన్నది గుర్తుంచుకోండి. రెండు చేతులా పోల్స్‌తో నిలకడ వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు. డ్రోన్ ఆలోచన ఉంటే మానుకోండి, అది నియంత్రణ రేఖకు దగ్గరి ప్రాంతం.

శేషాచలం_నడక | తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. మీరందరూ చెప్పినవి చదువుతుంటే మా ఇంట్లో జరిగినదానికి ఇప్పుడు అర్థం తెలిసింది.

గుల్మార్గ్‌లో మా బృందంలోని ఒకరి దగ్గర పాత యాక్షన్ కెమెరా ఉంటే, చివరి రోజు అడిగి తీసుకొని నా హెల్మెట్‌కు పెట్టుకున్నాను. కింది వాలు మీద మొదటిసారి పడకుండా చివరి దాకా వచ్చింది ఆ రోజే. ఇంటికొచ్చాక దాన్ని టీవీలో వేసి అమ్మను కూర్చోబెట్టాను. నాలుగు నిమిషాలు ఓపికగా చూసి, “బాగుంది గాని, ఇందులో నువ్వెక్కడ ఉన్నావురా?” అని అడిగింది. ఇదంతా నేను చూసిందేనమ్మా అని చెప్పాను. తలూపింది గాని ముఖంలో ఏమీ కదలలేదు. తరువాత అంతకు రెండు రోజుల ముందు మా స్నేహితుడు ఫోన్‌లో తీసిన పన్నెండు సెకన్ల ముక్క చూపించాను. అందులో నేను చేతులు చాచుకొని తడబడుతూ వచ్చి మంచులో బోర్లా పడి, లేచి నవ్వుతున్నాను. అమ్మ దాన్ని నాలుగుసార్లు వేయించుకొని చూసింది. పిన్నికి పంపమంది. దెబ్బ తగిలిందా అని అప్పుడు అడిగింది.

కెమెరా కొనడం లేదు. హవల్దార్ గారు చెప్పినట్టు ప్రయాణం ఫిబ్రవరికి మార్చుకున్నాము. మొదటి వారమంతా ఫోన్లతోనే ఒకరినొకరం తీసుకుంటాము. నిలకడ వచ్చిందని శిక్షకుడు అంటే, చివరి రెండు రోజులకు మాత్రం 360 కెమెరా వాడాలని ఉంది. అద్దె_కెమెరా గారూ, ఫిబ్రవరి రెండో వారానికి ఒకటి నా పేరున రాసి పెట్టగలరా?

అద్దె_కెమెరా | తిరుపతి

రాసి పెట్టానండీ. అదనంగా రెండు బ్యాటరీలు ఇస్తాను, వాటిని లోపలి జేబులో ఉంచుకోండి. తిరిగి వచ్చిన వారంలోపే కార్డు తీసుకొని దుకాణానికి రండి, ఇద్దరం కూర్చొని ఏరుదాం. మీ అమ్మగారికి చూపించవలసిన ముక్క మొదట తీద్దాం.